రైతు లెక్కలు వ్రాసిన ఆచార్యుడు

పాతపట్నం చుట్టుపక్కల పల్లెల్లో "రైతు" అన్న మాట రెండు విధాలుగా వినబడుతుంది. పట్టా గలవాడు "నేను రైతును" అంటాడు. అతని ఇంట కంబారిగా ఉన్నవాడు "మా రైతు పిలుస్తున్నాడు, వెళ్లొస్తాను" అంటాడు. మాట ఒకటే. కాని ఒకడు తానే రైతు, మరొకనికి రైతు ఉన్నాడు. మన సంఘాలలో ఈ రెండు విధాల కుటుంబాలూ ఆదివారం ఒకే చాప మీద కూర్చుంటాయి.

ఈ మాటను జీవితమంతా భుజాన మోసిన ఒక ఆర్థిక శాస్త్రజ్ఞుని గురించి ఈ నెల వ్రాయదలచాను. ఆయన క్రైస్తవుడు కాడు, మన జిల్లావాడూ కాడు. అయినా శ్రీకాకుళం నియోజకవర్గపు ఓటర్లు ఒకసారి ఆయనను పార్లమెంటుకు పంపారు. ఆయనే ఆచార్య ఎన్.జి.రంగాగారు.

గోగినేని రంగనాయకులుగారు 1900 నవంబరు 7న గుంటూరు జిల్లా నిడుబ్రోలులో వ్యవసాయ కుటుంబంలో పుట్టారు. గుంటూరులో లూథరన్ మిషను వారు నెలకొల్పిన ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో చదువుకున్నారు. పిమ్మట ఇంగ్లండు వెళ్లి ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చదివి, 1926లో బి.లిట్. పట్టం పొందారు. తిరిగి వచ్చి మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో అర్థశాస్త్ర ఆచార్యులయ్యారు. ఉద్యోగం ఎక్కువ కాలం చేయలేదు గాని "ఆచార్య" అన్న మాట మాత్రం ఆయన పేరుకు ముందు చివరి దాకా నిలిచిపోయింది.

అర్థశాస్త్రం అనగానే మనకు సంబంధం లేని పెద్ద చదువేదో అనుకుంటాము. పుష్యమాసంలో గాదె వంక చూసి, ఈ ధాన్యం ఎన్ని నెలలకు వస్తుంది, విత్తనానికి ఎంత తీయాలి, అప్పుకు ఎంత కొలవాలి, ఆషాఢంలో చోడి అంబలి మీద ఎన్నాళ్లు ఈడ్చాలి అని మనసులోనే లెక్క వేసుకునే ప్రతి ఇల్లాలూ ఆ శాస్త్రం తెలిసినదే. రంగాగారు చేసిన పని ఏమిటంటే, ఆ లెక్కను ఇంటింటా అడిగి తెలుసుకుని, కాగితం మీద పెట్టి, పాలించేవారి ముందుంచటం. గ్రామాల ఆర్థిక వ్యవస్థ మీద ఆయన తొలి పుస్తకం 1926లో వచ్చింది. 1930లో చేనేత ఆర్థిక స్థితిగతుల మీద మరొకటి వ్రాశారు.

చేనేత లెక్క ఎంత చిక్కో మనకు దగ్గరి ఉదాహరణ పొందూరు ఖద్దరు. అక్కడ దూదిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేసేది ఆడవారు. వడికేది ఆడవారు. మగ్గం మీద ఒకరు కూర్చుంటే, వారికి నూలు అందించటానికి ఇంట్లో మరిద్దరి చేతులు పనిలో ఉండాలి. అంగడిలో గుడ్డకు వచ్చే వెల మాత్రం ఒక్కటే. ఆ వెలలో ఎవరి కష్టానికి ఎంత వచ్చిందని ఎవరూ విడదీసి చూడరు. పొలమూ అంతే. దుక్కి దున్నిన తండ్రికి, ఊడ్చిన తల్లికి, పశువులు కాసిన పిల్లవానికి వేరు వేరుగా కూలి కట్టి చూస్తే పంట వెల చాలదు. ఇంటి కష్టానికి వెల కట్టరు గనుకనే వ్యవసాయం లాభంగా కనబడుతుంది. సొంత కష్టం మీద బ్రతికే రైతు, నేతగాడు వంటి వారి పక్షాన రంగాగారు అరవై ఏళ్లు మాట్లాడారు.

ఇక మన ప్రాంతపు సంగతికి వద్దాము. పాతపట్నం ఒకప్పుడు పర్లాకిమిడి జమీందారీలోనిది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి పట్నం అటు పోయింది, మహేంద్రతనయ ఇవతలి ఒడ్డున పాతపట్నం మద్రాసు రాష్ట్రంలో మిగిలింది. వియ్యంకులు ఒక రాష్ట్రంలో, అల్లుడు మరో రాష్ట్రంలో ఉండటం మనకు అప్పటినుండే అలవాటు.

ఉత్తర సర్కారులలో 1802లో కుంఫిణీ వారు శాశ్వత శిస్తు పద్ధతి పెట్టారు. జమీందారు సర్కారుకు కట్టవలసిన పేష్కషు అప్పటి నుండి పెరగకుండా ఉండిపోయింది. రైతు జమీందారుకు కట్టే శిస్తు అలా ఉండలేదు. దాని మీద పశువులు మేపితే పుల్లరి, అడవిలో కర్ర కొడితే సుంకం, పిలిచినప్పుడు వెట్టి. 1908లో వచ్చిన ఎస్టేటు భూముల చట్టం సాగు చేసే రైతుకు ఆ భూమి మీద కొంత హక్కు ఇచ్చిందే గాని, శిస్తు భారం దించలేదు. ఇంతలో 1929 తరువాత ప్రపంచమంతటా ధరలు కూలిపోయాయి. ధాన్యం ధర సగానికి దగ్గరగా పడిపోయింది. శిస్తూ వడ్డీ మాత్రం రూపాయలలో కట్టవలసినవి, అవి తగ్గలేదు. అంటే పది బస్తాలు అమ్మి శిస్తు కట్టినవాడు ఇప్పుడు ఇరవై అమ్మితే గాని గట్టెక్కడు. ఆ ఇరవై అమ్మితే తినటానికి మిగలదు, మళ్లీ అప్పు. ఈ చక్రం ఎలా తిరుగుతుందో మన తాతలకు ఎవరూ పుస్తకంలో చూపనక్కరలేకపోయింది.

రంగాగారు 1933లో రైతు ఆందోళన నడిపారు. జమీందారీ రైతుల ఆర్థిక స్థితి మీద పుస్తకం వ్రాశారు. నిడుబ్రోలులో రైతు విద్యాలయం పెట్టి పల్లెల కుర్రవాళ్లకు రాజకీయమూ ఆర్థికమూ నేర్పించారు. 1936లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ ఏర్పడినప్పుడు స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షులు, రంగాగారు ప్రధాన కార్యదర్శి.

ఆ రోజుల్లోనే ఒక పాదయాత్ర జరిగింది. మన పిల్లల పాఠాలలో దానికి చోటు ఎందుకు తక్కువో నాకు అర్థం కాదు. ఇచ్ఛాపురంలో మొదలై, తొమ్మిది జిల్లాలు దాటుకుంటూ, 130 రోజులపాటు 1,500 మైళ్లకు పైగా రైతులు నడిచారు. పాల్గొన్నవారు రెండు వేలకు పైమాటే. దారి పొడుగునా సభలు పెట్టి, 1,100కు పైగా అర్జీలు పోగుచేసి, 1938 మార్చి 27న మద్రాసులో శాసనసభ వారికి అందించారు. రైలు చార్జీ లేక నడిచారని కాదు. ఊరూరా ఆగితేనే గాని ఊరి లెక్క చేతికి రాదు. అర్జీలలో ముఖ్యమైన మొర ఋణభారం.

ఆ మొర వృథా కాలేదు. 1938లోనే మద్రాసు ప్రభుత్వం వ్యవసాయదారుల ఋణ విముక్తి చట్టం తెచ్చింది. 1932 అక్టోబరుకు ముందు చేసిన అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి పేరుకుపోయిన వడ్డీ కొట్టివేయబడింది. అంతేకాదు, ఒకడు 1930లో వంద రూపాయలు తెచ్చి, వడ్డీ అని కొంత, అసలు అని కొంత, మొత్తం మీద రెండు వందలు కట్టేసి ఉన్నాడనుకోండి. షావుకారు పుస్తకంలో ఇంకా ఎంత బాకీ కనబడినా ఆ అప్పు తీరిపోయినట్టే. పాతపట్నం మద్రాసు రాష్ట్రంలో ఉంది గనుక ఇక్కడి రైతులకు ఆ చట్టం వర్తించింది. ఏరు దాటితే వర్తించదు.

అయితే ప్రియ పాఠకులారా, ఆ చట్టంలో "వ్యవసాయదారుడు" ఎవరో చెప్పే వాక్యం ఒకటి ఉంది. వ్యవసాయ భూమిలో అమ్ముకోదగిన హక్కు గలవాడు, లేదా ఎస్టేటు భూమిలో రైతుగానో కౌలుదారుగానో హక్కు గలవాడు వ్యవసాయదారుడు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి మన సంఘపు కుటుంబాలను మనసులో చూసుకోండి. ఊడ్చేవారు, కోసేవారు, నూర్చేవారు, ఏడాది పొడుగునా రైతు ఇంట కంబారిగా ఉండి పండుగకు ఒక పంచె పుచ్చుకునేవారు, వీరెవరికీ భూమిలో హక్కు లేదు. అందుచేత చట్టం లెక్కలో వీరు వ్యవసాయదారులు కారు. వీరి అప్పు అప్పుగానే ఉండిపోయింది. రైతు నెత్తిన ఉన్న వడ్డీ ఎగిరిపోయిన సంవత్సరమే, ఆ రైతు దగ్గర కూతురి పెండ్లికి యాభై రూపాయలు తెచ్చుకున్న కంబారి, ఆ యాభై కోసం మరుసటి ఏడూ అదే కల్లంలో నిలబడ్డాడు.

ఇది రంగాగారు వ్రాసిన వాక్యం కాదు, శాసనసభ చేసిన చట్టం. కాని ఆ ఉద్యమం ఎవరిని లెక్కలో ఉంచుకుని నడిచిందో ఆ వాక్యం చెప్పుతుంది. ఇతరులను తప్పుబట్టే ముందు నా సంగతి కూడా చెప్పాలి. కోత పండుగనాడు కానుకల చీటీ చాలా ఏళ్లు నేనే చదివేవాడిని. ఫలానా వారు ధాన్యం రెండు బస్తాలు, ఫలానా వారు గుమ్మడికాయలు, ఫలానా వారు కోడిపుంజు అని పేరు పేరునా చదివి, గుప్పెడు బియ్యం తెచ్చినవారిని, పరిగె ఏరుకున్న గింజలు కొంగున కట్టి తెచ్చినవారిని "తదితరులు" అని ఒక్క మాటలో ముగించేవాడిని. ఒక ఏడు ఆరాధన అయ్యాక ఒక ముసలమ్మ నా దగ్గరకు వచ్చి, "ఏటి బాబూ, మా పేరు తదితరులా?" అన్నది. నవ్వుతూనే అన్నది గాని నాకు ఆ రోజు అన్నం సహించలేదు. రూతు కూడా పరిగె ఏరుకున్నదే. ఆమె పేరు మాత్రం గ్రంథంలో నిలిచింది.

రంగాగారికి కూలివారు కనబడలేదని అనటం అన్యాయం. ఊరంతా ఏమనుకున్నా లెక్కచేయకుండా తమ మంచినీళ్ల బావిని హరిజనులకు తెరిచిన మనిషి ఆయన. గాంధీగారితో "రైతు–కూలి రాజ్యం" గురించి వాదించి, ఆ సంభాషణలను "బాపూ బ్లెసెస్" అనే పుస్తకంగా అచ్చువేశారు. రాజ్యాంగ సభలో సభ్యులుగా, లక్ష్యాల తీర్మానంపై మాట్లాడినప్పుడు ఆయన చెప్పిన సంగతులు నేటికీ చదవదగినవి. ఈ దేశంలో అసలైన మైనారిటీలు బీద ప్రజలేనన్నారు. గిరిజనుల భూమిని ఎవరూ తీసుకోరాదని కట్టుబాటు ఉన్నా వర్తకులు వెళ్లి కాజేస్తున్నారని, పత్రాల మీద వేలిముద్రలు వేయించి తరతరాల బానిసలుగా చేస్తున్నారని, కాగితం మీద హక్కు వ్రాసి ఇస్తే చాలదని, దాన్ని అందుకోవటానికి నిచ్చెన కూడా వేయాలని ఆయన వాదన. ఈ మాటలన్న ఆయనను ఇరవై ఏళ్ల తరువాత ఎన్నుకున్నది సరిగ్గా అలాంటి కొండలున్న జిల్లాయే. అది తలచుకుంటే నాకు ఆశ్చర్యం కలుగుతుంది.

జమీందారీల విషయంలో ఆయన కోరినది నెరవేరింది, కాని దానికి ముందు నెత్తురు చిందింది. 1940లో అఖిల భారత కిసాన్ సభ మహాసభ మన పలాసలో జరిగింది. అదే ఏడు మందస జమీందారీలో అడవి కర్ర విషయమై రేగిన తగవులో గుడారి రాజమణిపురంలో పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయినవారిలో గున్నమ్మ అనే రైతు స్త్రీ ఉన్నది. ఈనాటికీ ఆమెను వీరగున్నమ్మ అనే పిలుస్తారు. టంగుటూరి ప్రకాశం పంతులుగారి అధ్యక్షతన జమీందారీలపై విచారణ సంఘం 1938లోనే నివేదిక ఇచ్చింది. భూమి సాగు చేసే రైతుదేనని, శిస్తు 1802 నాటి స్థాయికి దించాలని అది చెప్పింది. మంత్రివర్గం మరుసటి ఏడే రాజీనామా చేయటంతో ఆ నివేదిక మూలపడింది. చివరకు 1948లో ఎస్టేటుల రద్దు చట్టం వచ్చింది. పర్లాకిమిడి రాజావారి రైతు సర్కారు రైతు అయ్యాడు, పట్టా చేతికి వచ్చింది. ఎవరి పేర? అంతకు ముందు జమీందారు లెక్కలలో రైతుగా పేరున్నవాని పేర.

తరువాత రంగాగారి జీవితంలో పెద్ద మలుపు 1959. ఆ ఏడు జనవరిలో నాగపూరు కాంగ్రెసు మహాసభ, రైతుల భూములను కలిపి ఉమ్మడి సహకార వ్యవసాయం చేయాలని, భూమికి పరిమితి పెట్టాలని తీర్మానించింది. నెహ్రూగారికి అది ఇష్టమైన ఆలోచన. రంగాగారు ససేమిరా అన్నారు. గట్టు చెరిపి పొలాలు కలిపేస్తే, నిన్నటి రైతు రేపు తన భూమిలోనే కూలివాడవుతాడని ఆయన భయం. సొంత పొలం, దానిమీద కుటుంబం, ఆ కుటుంబానికి స్వేచ్ఛ, ఈ మూడూ విడదీయరానివని ఆయన నమ్మకం. కాంగ్రెసును వదిలి రాజగోపాలాచారిగారితో కలిసి స్వతంత్ర పార్టీ స్థాపించి దానికి అధ్యక్షులయ్యారు.

ఉమ్మడి వ్యవసాయం సంగతిలో రంగాగారిదే సరైన మాట అని నా అభిప్రాయం. అన్నదమ్ముల ఉమ్మడి పొలంలోనే ఎరువు ఎవరు వేయాలన్న తగాదా తీరదు, ఊరంతటి ఉమ్మడి ఎలా నిలుస్తుంది? రష్యాలోనూ చైనాలోనూ బలవంతంగా గట్లు చెరిపినచోట కరవులు వచ్చి లక్షలమంది చనిపోయారు. కాని భూపరిమితిని వ్యతిరేకించటంలో నాకు ఆయనతో సమ్మతి కుదరదు. సొంత పొలమే మనిషికి స్వేచ్ఛ ఇస్తుందని ఆయనే అన్నప్పుడు, పొలం లేనివానికి ఆ స్వేచ్ఛ ఎక్కడి నుండి వస్తుంది? ఈ ప్రశ్న ఆయన సొంత వాదనలోనే ఉంది. ఉన్నవాని గట్టును కాపాడటానికి చూపిన పట్టుదలలో సగమైనా, లేనివానికి ఒక గట్టు వేయటానికి చూపి ఉండవలసింది.

1967 ఎన్నికలలో స్వతంత్ర పార్టీ తరఫున శ్రీకాకుళం లోక్‌సభ స్థానం గెలిచినవారు బారువకు చెందిన సర్దార్ గౌతు లచ్చన్నగారు. గీత కార్మికులకు, రైతులకు నాయకుడు, రంగాగారికి శిష్యుడు. ఆయన ఆ స్థానాన్ని ఖాళీ చేయగా అదే ఏడు ఉప ఎన్నికలో రంగాగారు ఇక్కడ నుండి నిలబడి గెలిచారు. గుంటూరు జిల్లా మనిషికి మన ఊళ్లవారు ఓటు వేయటం శిష్యుని మాట మీదనే గాక, ఇచ్ఛాపురం నుండి నడిచిన ఆ పాత యాత్ర గుర్తుండి కూడా అయి ఉండవచ్చు.

ఆ సంవత్సరమే మన జిల్లాలో మరొకటి జరిగింది. అక్టోబరు 31న, అప్పటి పార్వతీపురం ఏజన్సీలోని లేవిడి దగ్గర, సభకు వెళుతున్న గిరిజనులపై కాల్పులు జరిగి ఇద్దరు చనిపోయారు. అప్పటికే కొండ మీది భూములు అప్పుల కింద పల్లపు షావుకార్ల చేతుల్లోకి జారిపోయి ఉన్నాయి. గిరిజన భూముల బదలాయింపును అరికట్టే నిబంధన 1959లోనే వచ్చినా అది కాగితం మీదనే ఉండిపోయింది. తరువాత మూడు నాలుగేళ్లు శ్రీకాకుళం పేరు దేశమంతటా పత్రికలలో ఏ విధంగా మ్రోగిందో పెద్దలకు తెలుసు. ఆ నిబంధనను 1970లో గట్టిపరిచారు. రంగాగారు రాజ్యాంగ సభలో చెప్పిన సంగతులను ఆ రోజుల్లో ఎవరైనా తీసి మళ్లీ చదివి ఉంటే బాగుండేది.

1971లో ఆ స్థానం బొడ్డేపల్లి రాజగోపాలరావుగారికి దక్కింది. రంగాగారు కొంతకాలానికి తిరిగి కాంగ్రెసులో చేరి, 1980 నుండి గుంటూరు సభ్యులుగా ఉన్నారు. మధ్యలో విరామాలున్నా, 1930లో మొదలైన ఆయన చట్టసభల జీవితం 1991 వరకు సాగింది. ఆ ఏడే పద్మవిభూషణ్ వచ్చింది. 1995 జూన్ 9న తొంభై నాలుగేళ్ల వయసులో కన్నుమూశారు.

కూలివారి అప్పు సంగతి ఏమైందని మీరు అడగవచ్చు. 1976లో వెట్టిచాకిరీ నిషేధ చట్టం వచ్చింది. 1977లో మన రాష్ట్రం చేసిన ఋణ విముక్తి చట్టంలో చిన్న రైతుతో పాటు వ్యవసాయ కూలి, గ్రామీణ చేతివృత్తులవాడు కూడా పేరు పేరునా చేరారు. 1938 నుండి లెక్కిస్తే ముప్పై తొమ్మిదేళ్లు. కౌలు చేసేవాని సంగతి ఇంకా నలుగుతూనే ఉంది. 2011లో కౌలుదారుకు ఋణ అర్హత కార్డు ఇచ్చే చట్టం వచ్చింది. 2019లో దాని స్థానంలో వచ్చిన చట్టం, కార్డు కావాలంటే భూ యజమాని సంతకం ఉండాలన్నది. సంతకం పెడితే భూమి పోతుందేమోనని ఆయన భయం, అడిగితే కౌలు పోతుందేమోనని ఇతని భయం. మొదట్లో చెప్పిన రెండు రకాల "రైతు" ఇక్కడ మళ్లీ ఎదురుపడుతున్నారు.

రంగాగారి పేరు 1996లో రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయానికి పెట్టారు. దానికి అనుబంధంగా మన జిల్లాలో, శ్రీకాకుళం దగ్గర నైరలో 1989 నుండి వ్యవసాయ కళాశాల ఉన్నది. కోత పండుగనాడు నన్ను నిలదీసిన ఆ ముసలమ్మ మనుమరాలు ఇప్పుడు అక్కడ బి.ఎస్సీ. చదువుతోంది. ఆ అమ్మాయి తాత నలభై ఏళ్లు కంబారి. సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు, ఈసారి కానుకల చీటీ నువ్వు చదువు తల్లీ అన్నాను. చదువుతాను గాని తాతయ్యా, ముందు రోజే చీటీ నా చేతికి ఇవ్వండి, పేర్లన్నీ ఉన్నాయో లేదో చూసుకోవాలి అన్నది.